ప్రోక్రియేట్ అంటే ఏంది ఖాలా?



పోయిన నెల ఒక రాత్రి దస్తర్‌ఖాన్ పరిచి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఖట్టీ దాల్, దొండకాయ వేపుడు, మధ్యాహ్నం మిగిలిన కీమా. మా చెల్లెలి రెండో కూతురు నాలుగేళ్ల వయసు నుంచి మా దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. అన్నం కలుపుకుంటూ మా ఆయన్ను అడిగింది: "ఖాలూ, నాకు ప్రోక్రియేట్ కావాలి. నా సహేలీలందరి దగ్గరా ఉంది. నాకొక్కదానికే లేదు."

మా ఆయనకు పొలమారింది. నీళ్ల గ్లాసు అందించాను. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. పిల్లకు ఏమీ అర్థం కాలేదు. "అంత మెహంగా ఏం కాదు ఖాలూ. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు" అంది.

తర్వాత తెలిసింది, అది ఐప్యాడ్‌లో బొమ్మలు గీసుకునే ఆప్ అట. ఆస్ట్రేలియాలో టాస్మానియా అనే దీవి మీద, హోబార్ట్ అనే ఊళ్లో ఉన్న ఒక కంపెనీ 2011లో తెచ్చింది. వాళ్ల అబ్బా దమ్మాం నుంచి పాత ఐప్యాడ్ ఒకటి పంపించాడు. దాంట్లో ఇది మెహెందీ డిజైన్లు గీస్తుంది. చుట్టుపక్కల పెళ్ళిళ్లకు దుల్హన్ చేతికి ఏ బేల్ బాగుంటుందో ముందే గీసి చూపిస్తుంది.

"ప్రో అంటే ప్రొఫెషనల్, క్రియేట్ అంటే తయారు చేయడం. దీనికి ఖాలూకు పొలమారడం ఎందుకు?" అని నన్నడిగింది.

నేను హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పబట్టి 26 ఏళ్లు. ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే చెప్పకుండా ఉండలేను. అయితే ఈ మాటకూ మా ఇంటికీ ఒక పాత హిసాబ్ ఉంది. అందుకే "బర్తన్లు కడిగినాక చెప్తాలే బేటా" అన్నాను. ఆ రాత్రి దానికి చెప్పిందీ, చెప్పలేక మింగిందీ రెండూ ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి.

ప్రోక్రియేట్ అంటే పిల్లల్ని కనడం, సంతానాన్ని వృద్ధి చేయడం. లాటిన్ నుంచి వచ్చింది. ప్రో అంటే ముందుకు. క్రెయారే అంటే పుట్టించడం, సృష్టించడం. రెండూ కలిస్తే ముందు తరంలోకి పుట్టించడం. ప్రోక్రియేషన్ అనే నౌన్ 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చింది, ప్రోక్రియేట్ అనే వెర్బ్ 16వ శతాబ్దంలో. ఆ క్రెయారేకు మూలంలో పెరగడం అనే అర్థం ఉంది. ఇంక్రీజ్ అనే మాటదీ ఆ ఖాందానే. క్రెసెంట్ కూడా అక్కడిదే. క్రెసెంట్ అంటే పెరుగుతున్న చంద్రుడు. రంజాన్‌కు మనం మిద్దెక్కి వెతికే హిలాల్, ఈ ప్రోక్రియేట్, ఒకే మూలం నుంచి వచ్చిన బంధువులని చెప్తే పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

వాడకం దగ్గరే మన పిల్లలు తప్పు చేస్తారు. ఒక ఏడు తొమ్మిదో తరగతిలో 'నా గురించి' అని పేరా రాయమంటే, ఒక పిల్లాడు డిక్షనరీ తిరగేసి "మై పేరెంట్స్ ప్రోక్రియేటెడ్ మీ ఇన్ కర్నూల్" అని రాశాడు. గ్రామర్ తప్పు లేదు. అయినా స్టాఫ్ రూములో రెండు రోజులు నవ్వుకున్నాం. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు ఇంట్లో ఈ మాట వాడరు. ఫలానా ఆమెకు బిడ్డ పుట్టింది అనాలంటే 'హ్యాడ్ ఎ బేబీ' అంటారు, 'గేవ్ బర్త్' అంటారు. ప్రోక్రియేట్ అనేది కోర్టు తీర్పుల్లో, మత గ్రంథాల్లో, మనుషుల గురించి దూరం నుంచి రాసే పుస్తకాల్లో కనిపిస్తుంది. నవ్వుల కోసం వాడితే తప్ప మాటల్లో రాదు. మన సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో, పిల్లల్ని కనడమూ కనకుండా ఉండడమూ ఆడమనిషి వ్యక్తిగత స్వేచ్ఛలోకే వస్తాయని చెప్పింది. ఆ చోట ఈ మాట వాడింది. అలాంటి చోట అది సరిగ్గా కూర్చుంటుంది.

రీప్రొడ్యూస్ అనేది సైన్సు వాళ్ల మాట. మొక్కకూ, బాక్టీరియాకూ, మనిషికీ ఒకటే. మన పదో తరగతి పుస్తకంలో 'ప్రత్యుత్పత్తి' అని ఉంటుంది. ఆ పాఠం వచ్చేసరికి చాలా బడుల్లో సారు దగ్గి, "ఇది ఇంట్లో చదువుకోండి" అంటాడు. ఇంట్లో ఎవరూ చదివించరు. బిగెట్ అనేది పాతకాలపు మాట, ఎక్కువగా తండ్రి గురించి వాడేది. ఖురాన్ ఇంగ్లీష్ తర్జుమాల్లో సూరా ఇఖ్లాస్ దగ్గర మీరు చూసే ఉంటారు.

ఆ సూరా దగ్గరే ఒక విషయం ఉంది. వాలిద్, వాలిదా, ఔలాద్, విలాదత్, మీలాద్, మౌలూద్. ఇవన్నీ మనం రోజూ వాడేవే, అన్నీ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. మన పిల్లలు అందరికంటే ముందు కంఠస్థం చేసే ఆ చిన్న సూరా, సరిగ్గా ఈ ధాతువునే అల్లాకు వర్తించదని చెప్తుంది. అల్లా ఖాలిక్. తఖ్లీక్ ఆయన పని. విలాదత్ మన పని. ఆయన సృష్టిస్తాడు, కనడు. మనం కంటాం, సృష్టించం. ఇంగ్లీష్ మాట క్రియేట్‌ను కడుపులో పెట్టుకుని రెండు పనుల్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. మన ఉర్దూలో తల్లిదండ్రుల పనికి తఖ్లీక్ అనే మాట వాడం. కవి గజల్ రాస్తే తఖ్లీక్ అంటారు గానీ, అమ్మ బిడ్డను కంటే అనరు.

ముసవ్విర్ సంగతీ అలాంటిదే. అల్లాకున్న అందమైన పేర్లలో ఖాలిక్, బారీ, ముసవ్విర్ అని మూడు పక్కపక్కనే వస్తాయి, సూరా హష్ర్ చివర. ముసవ్విర్ అంటే రూపం ఇచ్చేవాడు. అదే మాటను ఉర్దూలో బొమ్మలు గీసేవాళ్లకూ వాడతాం. "అయితే ఆ ఆప్ వాళ్లు పేరు బాగానే పెట్టారు కదా ఖాలా" అంది పిల్ల. ఏ బొమ్మ గీయొచ్చు, ఏది గీయకూడదు అన్నది వేరే బహస్, అది ఉలమాల పని. పూలూ తీగలూ గీసుకునే దాన్ని నేనెందుకు ఆపుతాను?

ఇక్కడిదాకా టీచర్‌గా చెప్పాను. ఇంక ఆపేద్దామనుకున్నా. "మరి ఖాలూకు ఎందుకు పొలమారింది? మామూలు మాటే కదా" అని మళ్లీ అక్కడికే వచ్చింది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మాకు పెళ్ళయి అప్పటికి ఎనిమిదేళ్లు. ఎక్కని దవాఖానా లేదు, మింగని మజూన్ లేదు. మా సాస్ నన్ను ఒక హకీమ్ సాబ్ దగ్గరికీ, రెండు దర్గాలకూ తీసుకెళ్లింది. ఆమెకూ మనవణ్ణి ఎత్తుకోవాలని ఉండేది, దాచను. తహజ్జుద్‌లో లేచి ఏడుస్తూ దువా చేసేది, పక్క గదిలో నాకు వినబడేది.

నంద్యాలలో బంధువుల వలీమాకు వచ్చిన మా ఆయన తరఫు చుట్టం ఒకాయన, మర్నాడు మా ఇంటికి చాయ్‌కి వచ్చాడు. బాగా చదువుకున్నాయన, విదేశంలో ఉద్యోగం. ముందు గదిలో మా ఆయనతో మాట్లాడుతున్నాడు. పర్దా ఇవతల నేను చాయ్ పోస్తున్నాను. తఖ్తు మీద మా సాస్ తస్బీహ్ తిప్పుతోంది. ఆయన ఉన్నట్టుండి ఉర్దూ వదిలి ఇంగ్లీషులోకి మారాడు. ఆడవాళ్లకు అర్థం కాకూడదని మారాడు. నికాహ్ పర్పస్ ప్రోక్రియేషన్ కదా, ఎన్నాళ్లు ఆగుతావు, రెండో మాట ఆలోచించకూడదా అన్నది ఆ ఇంగ్లీష్ సారాంశం.

మా ఆయన ఏమీ మాట్లాడలేదు.

సాస్ నా వైపు తిరిగి "ఏమంటున్నాడు?" అంది. ఇంట్లో ఇంగ్లీష్ టీచర్ని నేనే కదా. బిల్లు వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా చదివి చెప్పేది నేనే. ఆ రోజు దానికి కూడా తర్జుమా నేనే చేయాల్సి వచ్చింది. అబద్ధం చెప్పొచ్చు, నోరు రాలేదు. "ఔలాద్ గురించి అమ్మీ. నికాహ్ అందుకే కదా అంటున్నారు" అన్నాను. కప్పులో చాయ్ సాసర్‌లోకి ఒలికింది.

సాస్ తస్బీహ్ ఆపింది. గొంతు పెంచి, పర్దా అవతలికి వినబడేలా అంది: "బేటా, చాయ్ చల్లారిపోతుంది, ముందు తాగు. ఇచ్చేవాడు అల్లా. మా ఇంట్లో మేము ఆయన్ని హిసాబ్ అడగం."

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమెకు అల్లా మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆ రోజు ఆమె వైపు ఎంత ప్రేమ పుట్టిందో, పర్దా అవతలి నిశ్శబ్దం మీద అంత కోపం మిగిలిపోయింది.

తర్వాత నేను చదువుకున్నాను. మా కోపాలు కూడా చదువులోకే పోతాయి కదా టీచర్లకు. నికాహ్‌కు ఆ పర్పస్ అనే వాక్యం ఎక్కడిదని వెతికితే, ఇంగ్లండ్ చర్చి వాళ్ల ప్రార్థనా పుస్తకంలో దొరికింది. 1549లో వచ్చిన ఆ పుస్తకంలో, తర్వాత 1662 నాటి దాంట్లోనూ, పెళ్లికి మూడు కారణాలు వరసగా చెప్తారు. మొదటిది ప్రోక్రియేషన్. ఒకరికొకరు తోడుగా ఉండడం మూడోది. వందల ఏళ్లు పెళ్లిపెళ్లికీ ఆ వరస చదివారు. 1980లో అదే చర్చి తెచ్చిన కొత్త పుస్తకంలో వరస మారింది. తోడు ముందుకొచ్చింది, పిల్లలు చివరికి వెళ్లారు. వాళ్లకే ఆ వరస మార్చుకోవాలనిపించిందన్నమాట.

మన దగ్గర సూరా రూమ్‌లో జోడీల గురించి చెప్పేచోట సుకూన్ ఉంది, మొహబ్బత్ ఉంది, రహ్మత్ ఉంది. ఔలాద్ పెద్ద నేమత్, అందులో షక్ లేదు. పిల్లల కోసం దువా చేసిన నబీలు ఉన్నారు, ముసలితనంలో యహ్యాను పొందిన జకరియా (అలైహిస్సలాం) ఉన్నారు. కానీ సూరా షూరా చివరి ఆయతుల్లో అల్లా తాను ఇచ్చేవాటి గురించి చెప్తాడు. కొందరికి ఆడపిల్లలు, కొందరికి మగపిల్లలు, కొందరికి ఇద్దరూ, కొందరికి ఎవరూ లేకుండా. ఆడపిల్లల్ని ముందు చెప్పాడు. పిల్లలు లేనివాళ్లనూ అదే జాబితాలో, అదే ఇష్టం కింద చెప్పాడు. వాళ్లను పక్కన నిలబెట్టలేదు.

హజ్రత్ ఆయిషా (రజి) కి పిల్లలు లేరు. తోటి ఆడవాళ్లందరికీ ఫలానా బిడ్డ తల్లి అని కునియత్ ఉంది, నాకు లేదు అని ఆమె అడిగితే, అక్క అస్మా కొడుకు అబ్దుల్లా పేరుతో పిలిపించుకోమన్నారు నబీ (స). అట్లా ఆమె ఉమ్మె అబ్దుల్లా అయింది. ఈ రివాయత్ నేను మొదటిసారి విన్న ఏడాదే, మా చెల్లెలు తన రెండో బిడ్డను మా దగ్గర వదిలి, మొగుడి దగ్గరికి దమ్మాం వెళ్లింది. ఏడాది అనుకున్నది పదమూడేళ్లయింది.

ఇదంతా చెప్తుంటే పిల్ల నిశ్శబ్దంగా విన్నది. తర్వాత, ఆ వయసు పిల్లలు అడిగినట్టే సూటిగా అడిగింది: "అయితే నువ్వు ప్రోక్రియేట్ చేయలేదన్నమాట. నీకు ఇప్పటికీ బాధగా ఉంటుందా ఖాలా?"

ఉంటుందని చెప్పాను. ముందరంత కాదు. తెలుగులో కడుపుతో ఉన్న మనిషిని 'ఒట్టి మనిషి కాదు' అంటారు. స్టాఫ్ రూములో ఎవరి గురించైనా ఆ మాట విన్న ప్రతిసారీ, అయితే నేను ఒట్టి మనిషినా అనుకునేదాన్ని. ఉర్దూలో 'ఉమ్మీద్ సే హై' అంటారు. ఎంత అందమైన మాట! కానీ ఆ మాట విన్నప్పుడూ, మరి నాకు ఉమ్మీద్ లేదా అనుకునేదాన్ని. మాటల్ది తప్పు కాదు. ఆ రోజుల్లో నా మనసు అట్లా ఉండేది.

అప్పుడే దానికి ఒక విషయం చెప్పాను. ఈ ఇరవై ఏళ్లలో నాకు దొరికింది ఇదొక్కటే. తెలుగులో 'కనడం' అనే మాట ఉంది కదా. బిడ్డను కంది అంటాం. కను అంటే చూడు అని కూడా. కన్ను అందులోదే. కలలు కనడం కూడా అందులోదే. ఇటు ఉర్దూలో 'పైదా' అంటాం. అది ఫార్సీ నుంచి వచ్చింది, అసలు అర్థం కనబడేది, బయటపడేది. ఎక్కడి తెలుగు, ఎక్కడి ఫార్సీ! రెండూ బిడ్డ పుట్టడాన్ని చూపుతోనే ముడిపెట్టాయి. మన నోట్లో ఈ రెండు భాషలూ పక్కపక్కనే ఉంటాయి, మనం మాత్రం గమనించం.

"నిన్ను నేను కనలేదు బేటా, నిజమే. మీ అమ్మీ కంది, ఆ హక్కు ఆమెది. నేను నిన్ను చూసుకున్నాను" అన్నాను. అది ఏమీ అనలేదు. నా కొంగుతో చెయ్యి తుడుచుకుంది, చిన్నప్పటి అలవాటు. తర్వాత "రేపు ఖాలూను మళ్లీ అడగనా?" అంది. అడగమన్నాను.

ఆ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక మా ఆయన చాలాసేపు జానిమాజ్ మీదే కూర్చున్నాడు. నేను పడుకున్నాననుకుని, చీకట్లో అన్నాడు: "ఆ రోజు జవాబు నేను చెప్పాల్సింది. అమ్మీ చెప్పింది."

ఇరవై ఏళ్లుగా నేను అడగని మాట అది. అవునన్నాను. ఏం పర్వాలేదు అని అనలేదు, ఎందుకంటే అప్పుడు పర్వా ఉండింది. "రెండో మాట నేనెప్పుడూ ఆలోచించలేదు, నీకు తెలుసు కదా" అన్నాడు. "తెలుసు. ఆ మాట ఆ రోజు ఆయన ముందు చెప్పి ఉంటే ఇంకా బాగా తెలిసేది" అన్నాను. ఇద్దరం ఇంక మాట్లాడలేదు. పొద్దున ఫజర్‌కు లేచి ఆయనే చాయ్ పెట్టాడు. మధ్యాహ్నానికి పిల్ల ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ వచ్చింది.

ఇది రాయడానికి సబబు ఇంకొకటి ఉంది. ఆ చుట్టం అన్న పెద్ద ఇంగ్లీష్ మాట నన్ను ఒక్కసారే గుచ్చింది. మన ఇళ్లలో ప్రతి ఈద్‌కూ, ప్రతి వలీమాలోనూ తిరిగే చిన్న మాట ఒకటుంది: "క్యా, కోయీ ఖుష్‌ఖబ్రీ?" ఈ తరం వాళ్లయితే "గుడ్ న్యూస్ ఎప్పుడు?" అంటారు. ప్రేమతోనే అడుగుతారు, నేనూ కొత్తలో ఒకరిద్దర్ని అడిగాను, అల్లా మాఫ్ చేయాలి. అడిగించుకున్న మనిషి ఆ ముందు వారమే దవాఖానా నుంచి వచ్చి ఉండొచ్చు. నెల తప్పి, మళ్లీ పోయి ఉండొచ్చు. లోపం మగవాడిది అయి ఉండొచ్చు, దాన్ని తన మీద వేసుకుని ఆమె నోరు మూసుకుని ఉండొచ్చు. చెప్పుకోదగ్గ ఖబర్ ఉంటే వాళ్లే మిఠాయి డబ్బాతో వస్తారు.

బాంఝ్ అనే మాట, గొడ్రాలు అనే మాట మన ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకోండి. కోపంలో కూడా. పిల్లలు వింటారు, నేర్చుకుంటారు. ఎవరైనా అలాంటి మాట అంటే, జవాబు కోసం ఆ ఇంటి కోడలు వైపు చూడొద్దు. పర్దా ఇవతల ఉన్నవాళ్లకంటే ముందు, అవతల కూర్చున్నవాళ్లు నోరు విప్పాలి.

ఇక ప్రోక్రియేట్ అనే మాటంటారా, పరీక్షలో వస్తే స్పెల్లింగ్ సరిగ్గా రాయండి. కోర్టు తీర్పులో కనిపిస్తే భయపడకండి. మీ అమ్మాయి అన్నం తింటూ అడిగితే కంగారుపడకుండా, దేనికి అని ఒక్క మాట అడగండి.

మా పిల్ల ఆ ఆప్‌లో మొదట గీసిన బేల్ నా ఫోన్‌లో ఉంది. ఈ బక్రీద్‌కు నా చేతికి అదే పెడతానంటోంది. ఈ వయసులో నాకెందుకే అన్నాను. వినడం లేదు.